మేడమీది గది తాళం గురించి: చెన్నై తెలుగు సంఘాల పెద్దలకు బహిరంగ లేఖ

చెన్నైలో తెలుగువాళ్ళ పేరుమీద హాళ్ళు, భవనాలు నడుపుతున్న కార్యవర్గాల పెద్దలందరికీ, అందులోనూ మేము మూడుసార్లు ఉత్తరం ఇచ్చినా మూడుసార్లూ జవాబు ఇవ్వని ఆ ఒక్క కార్యవర్గానికి,

నమస్కారం. ఉగాదికి కవి సమ్మేళనం పెడతారు, ఆదివారాలు పిల్లలకి అక్షరాలు దిద్దిస్తారు, ఈ ఊళ్ళో అది చిన్న పని కాదు. ఆ గౌరవం మాకుంది. ఇక విషయానికి వస్తాను.

సంఘం పేరు రాయడం లేదు. మీకు తెలుసు, మాకు తెలుసు, మీ వాచ్‌మన్‌కి ఇంకా బాగా తెలుసు. మీ పరువు తీసి నాకు ఒరిగేదేమీ లేదు, నాకు కావాల్సింది రిహార్సల్‌కి గది.

నేను పగలు డబ్బింగ్‌కి మాటలు రాస్తాను, తమిళ సీరియళ్ళవి తెలుగులోకి. ఎవరో తమిళంలో కదిపిన పెదాలకి సరిపోయే తెలుగు మాట వెతకడం నా బతుకుతెరువు. మిగతా టైంలో ఒక సినిమా తీస్తున్నాను. నిర్మాత అంటూ ఎవరూ లేరు, ముగ్గురు స్నేహితుల పొదుపు, నా పాత ఉద్యోగం పీఎఫ్, మా అక్క ఇచ్చిన అప్పు, అంతే. ఉత్తర చెన్నైలో మూడు తరాలుగా ఉంటున్న ఒక తెలుగు కుటుంబం కథ. 62 సీన్లు, తొమ్మిదిమంది ముఖ్య నటులు, 14 రోజుల షూటింగ్. డబ్బింగ్ లేదు, సింక్ సౌండ్. అంటే షూటింగ్‌లో నటుడు ఏం పలికితే అదే తెరమీద వినిపిస్తుంది, తర్వాత సర్దుకుందాం అనే వెసులుబాటు ఉండదు. (ఇన్నేళ్ళు డబ్బింగ్ రాసినదాన్ని, నా సినిమాకి డబ్బింగ్ ఎందుకు వద్దనుకున్నానో చెప్పాలంటే ఇంకో ఉత్తరం అవుతుంది.)

జరిగింది ఇది. మీ భవనంలో మేడమీద ఒక గది ఉంది. ఒక మూల విరిగిన కుర్చీలు, ఇంకో మూల గుడ్డ కప్పిన మైకు సెట్టు, గోడకి ముగ్గురు పెద్దవాళ్ళ ఫోటోలు, అందులో ఒకదానికే దండ. సోమవారం నుంచి శుక్రవారం దాకా అక్కడ ఫ్యాను కూడా తిరగదు. మీ కోశాధికారిగారిని కలిసి అడిగితే గంటకి 250 రూపాయలు అన్నారు, సంతోషంగా ఒప్పుకున్నాం. 3,000 అడ్వాన్సు కట్టాం, రసీదు నా దగ్గరే ఉంది. ఏడు రోజులు ఏ గొడవా లేకుండా రిహార్సల్ చేసుకున్నాం.

ఎనిమిదో రోజు 41వ సీను. కొడుకు ఇల్లు అమ్మేద్దామంటాడు, తల్లి పత్రాలు ఇవ్వనంటుంది, మాటా మాటా పెరుగుతుంది, చివర్లో తల్లి "నన్ను చంపేసి అమ్ముకోరా" అని అరవాలి. ఆ తల్లి వేషం వేస్తున్నావిడ పెరంబూరులో ఇడ్లీ పిండి అమ్ముతారు, వీధి ఈ చివర నిలబడి ఆ చివర ఇంటావిడతో బేరం తేల్చుకునే మనిషి, గొంతు గురించి వేరే చెప్పక్కర్లేదు. నాలుగోసారి అరిచేసరికి పక్క అపార్ట్‌మెంట్‌లో ఎవరో పాపం భయపడి 100కి ఫోన్ చేశారు. ఇద్దరు పోలీసులు వచ్చారు. స్క్రిప్ట్ చూపించాం, అందరి గుర్తింపు కార్డులూ చూపించాం. అందులో పెద్దాయన ఒక విరగని కుర్చీ వెతికి లాక్కుని కూర్చుని "ఇన్నొరు వాట్టి పణ్ణుంగ" అన్నారు, ఇంకోసారి చెయ్యమని. చేశాం. చివరిదాకా చూసి, కొడుకు వేషం కుర్రాణ్ణి "అమ్మతో అలాగేనా మాట్లాడేది తంబీ" అని మందలించి, నవ్వుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయారు. కేసు లేదు, హెచ్చరిక లేదు. అంత బాగా చూసిన ప్రేక్షకుడు మాకు ఇంతవరకు దొరకలేదు.

మర్నాడు పొద్దున పదింటికి వస్తే గదికి కొత్త తాళం. వాచ్‌మన్ తలొంచుకుని "ఇవ్వొద్దన్నారమ్మా" అన్నాడు. ఎవరన్నారంటే పైకి వేలు చూపించాడు. పైన మేడమీద గది తప్ప ఏమీ లేదు.

ఆ తర్వాత మొదటి ఉత్తరం ఇచ్చాం, చేతికే ఇచ్చాం. రెండోది రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. మూడోది మీ సర్వసభ్య సమావేశం రోజున గుమ్మం దగ్గర నిలబడి ఆరుగురికి తలా ఒక కాపీ ఇచ్చాం. కాగితం మీద జవాబు ఒక్కటీ రాలేదు. నోటితో వచ్చినవి మూడు. ఒకరు "సినిమావాళ్ళకి ఇవ్వం" అన్నారు. ఇంకొకరు "ఇది సాంస్కృతిక కార్యక్రమాలకే" అన్నారు. మూడో ఆయన నన్ను పైనుంచి కిందదాకా చూసి, "నువ్వే డైరెక్టరువా అమ్మా? ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉంటే తీసుకురా, మాట్లాడదాం" అన్నారు. నాకు 38 ఏళ్ళు. మా ఇంట్లో ప్రస్తుతం పెద్దదాన్ని నేనే.

సాంస్కృతికం అన్నారు కాబట్టి ఒక్క మాట. మాకు తాళం పడిన పదిహేను రోజుల్లోపే కింద హాల్లో పట్టుచీరల ఎగ్జిబిషన్ కమ్ సేల్ జరిగింది, దాని తర్వాత ఒక పుట్టినరోజు, డీజేతో సహా. చీరలు మన సంస్కృతే, కాదనను. డీజే గురించి మీరే చెప్పాలి. పక్క అపార్ట్‌మెంట్ వాళ్ళు ఆ రాత్రి 100కి ఫోన్ చేసినట్టు లేరు.

మా తప్పు కూడా చెప్పుకోవాలి, లేకపోతే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు. నటులు ఎక్కడ నిలబడాలో గుర్తుల కోసం మొదటి రెండు రోజులు మేము నేలమీద అంటించింది ప్యాకింగ్ టేపు. తీస్తే మొజాయిక్ మీద బంక చారలు మిగిలాయి. కిరోసిన్ గుడ్డతో రుద్ది తీశాం, అయినా కిటికీ దగ్గర రెండు చారలు ఉండిపోయాయి. ఆ తర్వాత నుంచి సుద్దముక్కే వాడాం. మాకంటే ముందు ఎవరో షార్ట్ ఫిల్మ్ కుర్రాళ్ళు టీ కప్పులు వదిలేసి, గోడకి మేకులు కొట్టి పోయారని కోశాధికారిగారే చెప్పారు. మీ చిరాకుకి కారణం ఉంది, ఒప్పుకుంటాను. కానీ చారలకి నష్టం కట్టించుకోవచ్చు. దానికి గదికే తాళం వేస్తారా?

రిహార్సల్ అంటే డైలాగులు బట్టీ పట్టడం అని మీలో కొందరు అనుకుంటున్నట్టున్నారు. "ఇంట్లో కూర్చుని చదువుకోవచ్చుగా" అన్నారు ఒకాయన. కాస్త వివరంగా చెప్తాను, ఓపిక పట్టండి, ఎందుకంటే మన మధ్య గొడవంతా ఇక్కడే ఉంది.

మా తొమ్మిదిమందిలో ఆరుగురికి తెలుగు చదవడం రాదు. మాట్లాడతారు, తిడతారు, ఏడుస్తారు, కలలు కూడా తెలుగులోనే కంటామంటారు, కానీ బడిలో చదివింది తమిళం. తమిళం తప్పనిసరి చేస్తూ 2006లో చట్టం వచ్చిన తర్వాత మన పిల్లలకి తెలుగు అక్షరం దూరమైపోతోందని మీ సభల్లోనే చాలాసార్లు విన్నాను. ఆ దూరం ఎలా ఉంటుందో మా టేబుల్ రీడింగ్‌కి, అంటే అందరం కూర్చుని స్క్రిప్ట్ పైకి చదివే చోటికి, వస్తే కనిపిస్తుంది. వాళ్ళ కోసం తెలుగు డైలాగుల్ని తమిళ లిపిలో రాసి ఇస్తాం. తమిళంలో ప, ఫ, బ, భ నాలుగింటికీ ఒకటే అక్షరం. క, గ అంతే, త, ద అంతే. చ, జ, సలకి కూడా చాలాసార్లు ఒకటే అక్షరం. దాంతో తమ్ముడు అన్నని "బాట మర్చిపోయావా" అని అడగాల్సింది కాస్తా "పాట మర్చిపోయావా" అయింది, అన్నయ్య వేషం వేస్తున్నాయన నిజంగానే ఏ పాటా అని ఆలోచించాడు. ఇంకో సీన్లో జ్వరంతో పడుకున్న కొడుక్కి తల్లి "కొంచెం జావ తాగరా" అనాలి. ఆవిడ కాగితం చూసి "కొంచెం సావ తాగరా" అన్నారు. చస్తున్నవాణ్ణి చావు తాగమన్నట్టుందని అందరం పది నిమిషాలు నవ్వాం. షూటింగ్‌లో ఆ పది నిమిషాలకి కెమెరా, లెన్సులు, సౌండ్ కిట్, లైట్లు, వాటితో వచ్చే మనుషులు, అందరికీ అద్దె, బేటా (రోజు భత్యం) కట్టాలి. మాకు ఒక రోజు షూటింగ్‌కి 45 వేలు అవుతుంది. గదిలో నవ్వుకుంటే 250లో అయిపోతుంది.

మాట కుదిరాక నడక. మేము షూటింగ్ చేయబోయే ఇల్లు వ్యాసర్పాడిలో ఉంది, ముందుగది పది అడుగులు పన్నెండు అడుగులు. ఆ కొలతకి మీ గది నేలమీద సుద్దతో గీసుకుంటాం, ఇది తలుపు, ఇది మంచం, ఇది గ్యాస్ పొయ్యి అని. మంచం దగ్గర్నుంచి పొయ్యికి మూడడుగులు. ఆ మూడడుగుల్లో తల్లి ఒక వాక్యం పూర్తి చేసి, గిన్నె దించి, వెనక్కి తిరక్కుండా రెండో వాక్యం మొదలుపెట్టాలి. సింక్ సౌండ్‌లో గిన్నె చప్పుడు మాటమీద పడితే ఆ మాట పోయినట్టే, అందుకని గిన్నె మాటకి ముందు దించాలా, తర్వాత దించాలా అనేది ఒక పూట పని. మేము ఇటుకరాయి పెట్టి, దానిమీద ఖాళీ గిన్నె దించుతూ పదిహేడుసార్లు చేశాం. పోట్లాట సీన్లయితే ఇంకా కష్టం, ఇద్దరూ ఒకేసారి అరిస్తే ఎడిటింగ్‌లో ఒకరి మాట కోసి ఇంకొకరిది పెట్టడం కుదరదు, కాబట్టి ఎవరు ఎవర్ని ఏ అక్షరం దగ్గర అందుకోవాలో ముందే తేల్చుకోవాలి, తేల్చుకున్నట్టు కనపడకూడదు. ఇదంతా ఇంట్లో ఒక్కళ్ళే కూర్చుని చదువుకుంటే వచ్చేది కాదండీ.

ఇది మేమేదో విదేశాల నుంచి తెచ్చిన ఫ్యాషన్ కాదు. ఈ ఊళ్ళోనే దర్శకులు కె.వి.రెడ్డిగారు షూటింగ్‌కి ముందు నటులతో రిహార్సల్స్ చేయించి, స్టాప్‌వాచ్ పట్టుకుని సీను నిడివి చూసుకునేవారని మీ సభల్లో ఎంతమంది గొప్పగా చెప్పలేదు? అప్పట్లో ఫిల్ము ఖరీదు. 35 ఎం.ఎం. ఫిల్ము వెయ్యడుగుల చుట్ట కెమెరాలో పదకొండు నిమిషాలకి అయిపోతుంది, తప్పు చేస్తే ఫిల్మూ పోయింది, డబ్బూ పోయింది. ఇప్పుడు ఫిల్ము ఖర్చు లేదు, మెమరీ కార్డులో ఎంతైనా తీసుకోవచ్చు, కానీ రోజు అద్దె మాత్రం మీటరులా తిరుగుతూనే ఉంటుంది. వడపళనిలో విజయా వాహినీ స్టూడియో ఉన్న చోట ఇప్పుడు మాల్ ఉంది. తెలుగు సినిమా హైదరాబాద్ వెళ్ళిపోయింది. ఆ సినిమాని తలుచుకుంటూ మీరు పెట్టే సభలకి నేనూ వస్తాను, చప్పట్లు కొడతాను. ఈ ఊళ్ళో ఇప్పుడు తీస్తున్న ఒక చిన్న తెలుగు సినిమాకి మాత్రం ఖాళీ గది దొరకదు.

తమిళంవాళ్ళ సంగతి చూడండి. 1977లో న. ముత్తుస్వామిగారు కూత్తుప్పట్టరై అనే నాటక బృందం మొదలుపెట్టారు. పశుపతి, కలైరాణి లాంటి నటులు అక్కడ తయారైనవాళ్ళే. రోజూ వెళ్ళి ఒళ్ళు వంచి పనిచేసే చోటు ఒకటి ఉండబట్టే కదా అది సాధ్యమైంది. మా తాతగారు సూళ్ళూరుపేటలో పరిషత్తు నాటకాలు వేసేవారు, రాత్రిళ్ళు బడి వరండాలో పెట్రోమాక్స్ పెట్టుకుని రిహార్సల్. హెడ్మాస్టరుగారు తాళంచెవి ఇచ్చేసి, పొద్దున బెంచీలు ఎక్కడివక్కడ ఉంటే చాలు అనేవారట. ఆయనకి నాటకాలంటే పెద్ద ఇష్టం కూడా కాదట.

గది పోయాక మేము ఏం చేశామో, ఎవరికి ఏం జరిగిందో రాస్తాను.

1. మా కథలో కూతురు వేషానికి ఒక నర్సింగ్ విద్యార్థిని దొరికింది. గుమ్మిడిపూండి నుంచి లోకల్ ట్రైన్‌లో వచ్చి, మూర్ మార్కెట్ దగ్గర దిగి, ఆడవాళ్ళకి టికెట్ లేని ఊరి బస్సెక్కి వచ్చేది. వాళ్ళ నాన్న మొదటిరోజు తనూ వచ్చాడు. మెట్లెక్కి గది చూశాడు, గోడమీద పెద్దవాళ్ళ ఫోటోలు చూశాడు, కింద మీ ఆఫీసు బోర్డు చూశాడు, "తెలుగు సంఘం హాలు కదా, పర్లేదు" అని వెళ్ళాడు. తాళం పడ్డాక రిహార్సల్ మా స్నేహితుడి ఫ్లాట్‌కి మార్చాం. ఆయన ఫోన్ చేసి గొంతు పెంచకుండా, "అమ్మా, మీమీద అనుమానం కాదు, ఎవరో మగాయన ఇంటికి రోజూ పంపిస్తున్నానని మా వీధిలో తెలిస్తే తర్వాత దానికి కష్టం" అన్నాడు. ఆయన్ని నేను తప్పుపట్టలేను. నాకూ చెల్లెలుంటే అదే అనేదాన్నేమో. ఆ అమ్మాయి వెళ్ళిపోయింది. నెలన్నర కష్టం, ఆమె పాత్ర చుట్టూ కుదుర్చుకున్న పదకొండు సీన్లు మళ్ళీ మొదటికి వచ్చాయి. పోయేముందు స్క్రిప్ట్ తిరిగిచ్చేసింది, అందులో తన డైలాగులన్నిటి కిందా పెన్సిల్‌తో గీతలు. అద్దె ఇచ్చి తీసుకునే, పదిమందికీ తెలిసిన, కింద ఆఫీసు ఉన్న ఒక గది అంటే ఆడపిల్లలకి ఏమిటో మీరు ఆలోచించలేదు. పది సంఘాల్లో ఒక్కటైనా ఆలోచిస్తుందని ఈ ఉత్తరం.

2. కొడుకు వేషం కుర్రాడు అంబత్తూరులో లేత్ మెషీన్ మీద పనిచేస్తాడు. రిహార్సల్ రోజు అరపూట సెలవంటే అరపూట జీతం కోత. తాళం పడిన రోజు ముందురాత్రి ఒక్క ఫోన్ చేసి ఉంటే ఆ జీతమన్నా మిగిలేది.

3. చెంపదెబ్బ. మా కథలో తండ్రి కూతుర్ని ఒకసారి కొడతాడు. తెరమీద దెబ్బ తగలదు, చెయ్యి ముఖానికి జానెడు దూరంలో పోతుంది, కెమెరా ఒకరి వెనకనుంచి చూస్తుంది కాబట్టి మధ్య దూరం కనపడక తగిలినట్టుంటుంది, ఆ అమ్మాయి సరైన క్షణంలో తల తిప్పాలి. దీనికి సమంగా ఉన్న నేల, గీసిన గీతలు, తగినంత చోటు కావాలి. మేము దీన్ని ఒకరి డాబామీద చేశాం, బట్టలారేసే తాడు ఒకపక్క, నీళ్ళ ట్యాంకు ఇంకోపక్క. ఇది ఆ అమ్మాయి స్థానంలో కొత్తగా వచ్చినావిడతో. తండ్రి వేషం ఆయన తాడు తగలకుండా ఒకడుగు ముందుకి వేశాడు. చెయ్యి నిజంగానే పడింది, చెవిదుద్దు వెనక మర గుచ్చుకుని రక్తం వచ్చింది. పెద్ద దెబ్బ కాదు. కానీ ఆయన ఆ సాయంత్రమంతా మాట్లాడలేదు, ఆ తర్వాత రెండు వారాలు చెయ్యి ఎత్తాలంటే వణికాడు. ఆవిడ నవ్వేసి పర్లేదంది, కానీ ఇప్పటికీ ఆ సీను వచ్చేసరికి కళ్ళు ముందే మూసేస్తోంది.

4. తాత వేషం పెద్దాయనకి 71. మోకాళ్ళ నొప్పులు. డాబా ఎక్కలేరు. కాబట్టి ఆయనతో సీన్లు బీసెంట్ నగర్ బీచిలో పొద్దున ఆరింటికి చేశాం. ఇసుకలో ఆయన నడక మారిపోయింది, అలల చప్పుడుకి గొంతు పెంచి పెంచి మాట్లాడ్డం అలవాటైంది, ఇప్పుడు పదడుగుల గదిలో కూడా అలాగే మాట్లాడుతున్నారు. ఆయన మనవడితో పోట్లాడే సీను చేస్తుంటే వాకింగ్‌కి వచ్చినవాళ్ళు చుట్టూ మూగి, ఒకావిడ మనవణ్ణి తిట్టి, తాతకి నీళ్ళసీసా ఇచ్చి, "ఇలాంటి పిల్లల్ని కనడం కంటే" అంటూ వెళ్ళింది. నటనకి అది మంచి కితాబే అనుకోండి.

5. పార్కులు కూడా ప్రయత్నించాం. పానగల్ రాజా పేరు మీద ఒక పార్కు, ఆంధ్రపత్రిక పెట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు మీద ఇంకో పార్కు, పేర్లకేం, మన పేర్లు ఊళ్ళో చాలా ఉన్నాయి. అయితే పార్కుకి జనం గాలి కోసం వస్తారు, ఎవరో ఏడుస్తుంటే వాళ్ళకి టెన్షన్. ఒకచోట గార్డు వెళ్ళిపొమ్మంటే ఆయన చెప్పిందే సబబనిపించి వచ్చేశాం.

6. అద్దెకిచ్చే ప్రైవేట్ స్టూడియోలు ఉన్నాయి, అద్దాల గోడలు, ఏసీ. మాకు చెప్పిన రేటు గంటకి 800. రోజుకి నాలుగు గంటల చొప్పున ఇంకో పాతిక రోజులు కావాలి. లెక్క వేసుకుంటే 80 వేలు, దాదాపు రెండు రోజుల షూటింగ్. 14 రోజుల్లో రెండు కోసేస్తే ఏ సీన్లు పోతాయో నేను ఇప్పటికే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకున్నాను. వాటిలో పెద్దాయన సీన్లే ఎక్కువ, ఆయనకి ఇంకా చెప్పలేదు.

ఇది మా ఒక్కళ్ళ గొడవ అనుకోవద్దు. నాటకం వేసే ఐటీ కుర్రాళ్ళు, షార్ట్ ఫిల్ములు తీసే కాలేజీ పిల్లలు, కాలనీ పండక్కి చిన్న స్కిట్ వేద్దామనుకునే ఆడవాళ్ళు, అందరి కష్టమూ ఇదే, నాకు తెలిసినవాళ్ళే నాలుగు బృందాలున్నారు. మా భాష కూడా చూడండి. మేము "అవును"కి "ఆమా" అంటాం, "సరే"కి "సరి" అంటాం. మన సినిమాల్లో ఈ తెలుగు వినపడితే ఎక్కువగా నవ్వించడానికే. ఆ తెలుగులో ఒక తల్లి ఏడిస్తే ఎలా ఉంటుందో వినిపించాలని మా పిచ్చి ప్రయత్నం. ఇది సాంస్కృతికం కింద వస్తుందో రాదో మీ కమిటీలోనే తేల్చండి, కానీ తేల్చి చెప్పండి.

అడుగుతున్నవి ఇవి. ఉచితంగా ఏదీ అడగడం లేదు.

1. సోమవారం నుంచి శుక్రవారం వరకు, పొద్దున పది నుంచి సాయంత్రం ఐదు దాకా, వేరే బుకింగ్ లేని గదిని గంటల లెక్కన రిహార్సల్స్‌కి ఇవ్వండి. సినిమానా, నాటకమా, స్కిట్టా అని తేడా చూడొద్దు. ఉద్యోగాలు చేసేవాళ్ళ కోసం వారంలో రెండు సాయంత్రాలు, తొమ్మిదిలోపు ముగించేట్టు. ట్రైన్లు పట్టుకోవాల్సిన ఆడవాళ్ళున్నారు కాబట్టి తొమ్మిది దాటడం మాకూ కుదరదు.

2. నిబంధనలు ఒక కాగితం మీద రాసి గోడకి అంటించండి. టేపు వద్దు, సుద్దే వాడాలి, మేకులు కొట్టకూడదు, కప్పులు తీసుకుపోవాలి, నష్టం జరిగితే డిపాజిట్‌లో కోత. ఏది రాసినా సంతకం పెడతాం. ఇవాళ ఒకరు ఒప్పుకుని రేపు ఇంకొకరు తాళం వేసే పద్ధతి మాత్రం వద్దు. రద్దు చేయాలంటే రెండు రోజుల ముందు చెప్పండి, కారణం రాసివ్వండి.

3. అరుపుల సీనున్న రోజు గేటుకి తమిళంలో, తెలుగులో బోర్డు పెడతాం, పక్క అపార్ట్‌మెంట్‌కి ముందురోజే వెళ్ళి చెప్పొస్తాం, స్టేషన్లో కూడా ఒక ముక్క చెప్తాం. ఫోన్ చేసిన ఆ ఇంటివాళ్ళకి మేమే వెళ్ళి క్షమాపణ చెప్పాం. వాళ్ళు కాఫీ ఇచ్చారు, ఇల్లు అమ్మారా లేదా అని అడిగారు.

4. కార్యవర్గంలో ఎవరైనా, ఎప్పుడైనా, చెప్పకుండా వచ్చి కూర్చోండి. లోపల ఏం జరుగుతోందో అనే అనుమానం ఉంటే అది పోవాలంటే అంతకంటే మంచి దారి లేదు. విరగని కుర్చీ ఎక్కడుందో ఇప్పుడు మాకు తెలుసు.

5. మా 3,000 అడ్వాన్సులో అద్దెకి చెల్లింది పోగా 1,250 మిగలాలి, రసీదు వెనక కోశాధికారిగారే లెక్క రాశారు. కిటికీ దగ్గర రెండు చారలకి పాలిష్ ఖర్చు ఎంతో చెప్తే అది తీసుకుని మిగతాది ఇవ్వండి. ఎక్కువైతే పైది మేమే కడతాం.

6. ఈ నెలాఖరులోగా కాగితం మీద జవాబు ఇవ్వండి. ఇవ్వం అన్నదే జవాబైతే అదే రాయండి, ఎందుకో కూడా రాయండి. మిగతా సంఘాలవాళ్ళు ఎవరైనా మా దగ్గర గది ఉంది, వచ్చి చూసుకోండి అంటే, ఆ రోజే వస్తాం, సుద్దముక్క మేమే తెచ్చుకుంటాం.

వచ్చే ఆదివారం పొద్దున ఆరున్నరకి మళ్ళీ బీచిలోనే, 41వ సీను. తల్లి వేషం ఆవిడ పిండి రుబ్బడం శనివారం రాత్రే పూర్తి చేసుకుని వస్తానన్నారు. నా అడ్రసు, ఫోన్ నెంబరు పాత ఉత్తరాల మీద ఉన్నాయి, మూడింటి మీదా.

ఇట్లు,
మేడమీది గదిలో ఎనిమిది రోజులు రిహార్సల్ చేసిన సినిమా డైరెక్టర్,
తొమ్మిదిమంది నటుల తరఫున కూడా
చెన్నై